రాత్రి పది గంటల రక్తం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, విమానాలెక్కి వచ్చినవాళ్ళున్నారు. నేను ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. అందులో చివరి పదిహేనేళ్ళు కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పించాను. సంఘం కార్యదర్శి ఫోన్ చేసి “అన్నా, నువ్వు గూడా మాట్లాడాల” అంటే, “నాకు తెలిసింది రక్తం చుక్క ఒక్కటే గదబ్బా” అన్నాను. “అదే చెప్పన్నా. బోదకాలంటే ఏందో ఇప్పటి పిలకాయలకు తెలీదు” అన్నాడు.

తెలియకపోవడం మంచిదే. మా చిన్నతనంలో తెలియని పిల్లవాడు లేడు. సంగమేశ్వరస్వామి ఉత్సవానికి చుట్టుపక్కల పల్లెల జనం పెన్న ఒడ్డున చేరితే, ఆ గుంపులో బోదకాలు లాక్కుంటూ నడిచేవాళ్ళు ఎందరో కనిపించేవాళ్ళు. వీధికొకరైనా ఉండేవాళ్ళు. కాలైతే పదిమందికీ కనిపిస్తుంది, వరిబీజం ఉన్నవాళ్ళు అదీ చెప్పుకోలేరు. వదులుగా పంచె కట్టుకుని, పెళ్ళిళ్ళకు పోకుండా, పొలం పని మానేసి అరుగు మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళకు మేం పేర్లు పెట్టి పిలిచేవాళ్ళం. నేనూ పిలిచాను. ఆ పేర్లు ఇప్పుడు ఈ మైకులో చెప్పలేను.

మన బడి సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికొస్తాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సైన్సు మాస్టారు మైక్రోస్కోపు కిటికీ దగ్గర పెట్టి ఉల్లిపొర చూపించారు. వరసలో నిలబడి ఒక్కొక్కరం కన్ను పెట్టాం. నా ముందువాడు “గదులు సార్” అన్నాడు. నేనూ “గదులు సార్” అన్నాను. నిజానికి నాకు కనిపించింది నా కనురెప్ప వెంట్రుకలే. మాస్టారు నా చెవి పట్టుకుని, “కనపడంది కనపడిందని చెప్పబాక. మళ్ళీ చూడు” అని నన్ను వరస చివరికి పంపారు. రెండోసారి నిజంగా గదులు కనిపించాయి. ఆ మాస్టారు ఇప్పుడు లేరు.

1976లో పది పాసయ్యాను. తర్వాత టెక్నీషియన్ కోర్సు చేశాను. 1983లో ఉద్యోగం వచ్చింది. చేరిన కొన్నాళ్ళకే రాజమండ్రి శిక్షణకు పంపారు. ఢిల్లీలోని జాతీయ అంటువ్యాధుల సంస్థకు, అంటే 2009 నుంచి జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రమని పిలుస్తున్న సంస్థకు, ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రాలు దేశంలో మూడు చోట్ల ఉన్నాయి. అవి రాజమండ్రి, కాలికట్, వారణాసి. శ్రీకాకుళం నుంచి మన నెల్లూరు దాకా కోస్తా జిల్లాలన్నిటా బోదకాలు ఉండేది కాబట్టి మన వాళ్ళకు రాజమండ్రే గురుకులం. ఊళ్ళో దోమలకూ, మురుక్కాలవలకూ కొదవ లేదు. పాఠం వినడానికి ఒక గది, పాఠం నడవడానికి ఊరంతా అన్నట్టుండేది.

ఆ ఊరికీ ఈ జబ్బుకూ ఇంకో సంబంధం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఫైలేరియాకు ఇప్పటికీ వాడే మందు డి.ఇ.సి. దాన్ని మొదట హెట్రజాన్ అనే పేరుతో 1947లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల బయటికి తెచ్చింది. ఆ పరిశోధనను నడిపించినవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న మనిషి. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. ఇక్కడున్న మాస్టర్లు ఈసారి ఎవరైనా తప్పితే ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు జబ్బు గురించి. కారణం సన్నటి దారంలాంటి పురుగు. మనిషి ఒంట్లో నిణం పారే గొట్టాల్లో కాపురం పెడుతుంది. ఆడ పురుగు ఎనిమిది, పది సెంటీమీటర్ల పొడవుంటుంది. అది లక్షల్లో పిల్లల్ని కంటుంది. ఆ పిల్లల్ని మైక్రోఫైలేరియా అంటారు. ఒక్కోటి మిల్లీమీటరులో నాలుగో వంతు పొడవు ఉంటుంది. అవి రక్తంలోకి వస్తాయి, దోమ కుట్టినప్పుడు దాని కడుపులోకి పోతాయి, పది పన్నెండు రోజులు అక్కడ పెరిగి ఇంకొకరికి చేరతాయి. మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ మోత మోస్తుంది. నెల్లూరంటే మొలగొలుకులు, చేపల పులుసు, ఆ తర్వాత దోమలే కదా.

తమాషా ఏమిటంటే, ఈ పిల్లలు పగలు రక్తంలో దొరకవు. పగలంతా ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు, అంటే రాత్రి పది నుంచి రెండు దాకా, చర్మం కింది రక్తంలోకి వస్తాయి. 1870లలో చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు తన సహాయకులతో పగలూ రాత్రీ రక్తం పరీక్ష చేయించి ఈ సంగతి పట్టుకున్నాడు. పురుగుకు దోమతో సంబంధం ఉందని చూపించిందీ ఆయనే. అందుకే మా ఉద్యోగం రాత్రి ఉద్యోగం.

రెండో తమాషా ఇంకా కష్టమైనది. కాలు ఏనుగు కాలైనవారి రక్తం తీస్తే చాలాసార్లు పురుగు పిల్ల ఒక్కటీ ఉండదు. వాళ్ళ ఒంట్లో జరగాల్సిన నష్టం ఎప్పుడో జరిగిపోయింది. పిల్లలు ఎవరి రక్తంలో ఉంటాయంటే, ఏ నొప్పీ, ఏ వాపూ లేకుండా పగలు నాట్లేసి, సాయంత్రం కబడ్డీ ఆడి, రాత్రి ఆరుబయట మంచం మీద పడుకున్నవాడి రక్తంలో. జబ్బు ఉన్నవాడు మన దగ్గరికి వస్తే వైద్యం చేయవచ్చు. జబ్బు ఉందని తెలియనివాణ్ణి నిద్ర లేపి, “నీ వేలు ఇవ్వు” అనాలి.

“ఏం నాయనా, దొంగల మాదిరి ఈ పొద్దులో వొచ్చినారు? పగలు రాకూడదా?” అని ఒక అవ్వ మమ్మల్ని చేటతో తరిమింది. కుక్కలు వెంటపడ్డాయి. ఒకచోట మా రక్తాన్ని అమ్ముకుంటున్నారనే పుకారు పుట్టింది. ఆ ఊరి బళ్ళో టీచరమ్మ తన వేలు ముందు చాపితేగాని జనం రాలేదు.

పని చెబితే చిన్నదిగానే వినిపిస్తుంది. ఎడమచెయ్యి ఉంగరపు వేలు స్పిరిట్‌తో తుడవాలి, ఆరనివ్వాలి, సూది గుచ్చాలి. మొదటి చుక్క తుడిచేయాలి. తర్వాత ఇరవై ఘనపు మిల్లీమీటర్లు పిప్పెట్‌లోకి పీల్చి, గాజు స్లైడు మీద మందంగా పరవాలి. స్లైడు మీద వేలిజిడ్డు ఉంటే రక్తం నిలవదు. వంకరగా ఆరబెడితే ఒక వైపుకి జారుతుంది. ఇక చీమలు. రాత్రి రెండింటికి అలసిపోయి స్లైడ్లు బల్ల మీద వదిలేసి పడుకుంటే, తెల్లారేసరికి చీమలూ బొద్దింకలూ సగం రక్తం తినేసి ఉంటాయి. నా మొదటి సర్వేలో ఒక ట్రే మొత్తం అట్లా పోయింది. ఇప్పుడు నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడతారు, మన అమ్మలు వెన్న గిన్నెకు పెట్టినట్టు.

మర్నాడు ఆ స్లైడును నీళ్ళలో ఉంచితే రక్తంలోని ఎరుపు దిగిపోతుంది. గబగబా ఆడిస్తే ఎరుపుతో పాటు పొర మొత్తం ఊడిపోతుంది. తర్వాత జె.ఎస్.బి. రంగు. మలేరియా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన జస్వంత్ సింగ్, భట్టాచార్జీ కలిసి తయారుచేసిన రంగు ఇది. తక్కువ ఖర్చు, త్వరగా పడుతుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టి, పొలం దున్నినట్టు, ఒక చాలు వెంట ఇంకో చాలు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూడాలి. పురుగు కనిపిస్తే పెద్ద లెన్సు వేసి తోక చూడాలి. తోక చివర ఖాళీగా ఉంటే మన ప్రాంతపు పురుగు. చివర్న రెండు చుక్కలుంటే కేరళ తీరంలో దొరికే వేరే జాతి. రాజమండ్రిలో మాకు మొదట నేర్పింది ఈ తోక చదవడం. దోమల్ని పట్టి, తల, రొమ్ము, పొట్ట విడదీసి ఉప్పునీటిలో వెతకడం తర్వాత నేర్పారు. నా మొరటు చేతులకు ఆ విద్య సరిగా పట్టుబడలేదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఏ ఊరో, ఏ ఆఫీసో అడగవద్దు.

రాజమండ్రి నుంచి వచ్చిన రెండో ఏడు. సర్వే స్లైడ్లు గుట్టపడ్డాయి. రోజుకు ఇన్ని చదవాలని లెక్క. పొద్దున్నుంచి అన్నీ సున్నాలే. సాయంత్రం నాలుగు దాటాక కన్ను చూస్తుంది గానీ మనసు చూడదు. చివరి పది స్లైడ్లకు నడుమ మాత్రమే చూసి, అంచులు వదిలేసి, పుస్తకంలో ‘లేదు’ అని రాసేశాను. ఎవరికి తెలుస్తుంది? చదివినవాటిలో కొన్నిటిని ఏరి పై స్థాయి టెక్నీషియన్ మళ్ళీ చదవడం పద్ధతి. ఆయన చేతికి నా పదిలో ఒకటి వెళ్ళింది. వారం తర్వాత ఏమీ అనకుండా స్లైడు నా మైక్రోస్కోపు కింద పెట్టి, “చూడయ్యా” అన్నాడు. అంచున ఒకే ఒక్క మైక్రోఫైలేరియా, మెలిక తిరిగి, దిద్దిన అక్షరంలాగా స్పష్టంగా ఉంది.

నంబరు బట్టి ఇల్లు వెతికి మాత్రలు తీసుకుని వెళ్ళాం. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు. మూడు రోజుల ముందే పనికోసం మద్రాసు వైపు వెళ్ళిపోయాడు. ఏ ఊరు, ఏ మేస్త్రీ అనేది వాళ్ళ అమ్మకూ తెలియదు. “వాడికేమి నాయనా, రాయిలాగ ఉండాడు” అంది. మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను. వాడు రాలేదు. తర్వాత నాకు బదిలీ అయింది. వాడికి ఇప్పుడు అరవై దగ్గర పడుతుంటాయి. వాడి కాలు ఎట్లా ఉందో నాకు తెలియదు.

నేను నేర్పించే రోజులు వచ్చినప్పుడు మొదటి రోజు పాఠం చెప్పేవాణ్ణి కాదు. ఒక్కొక్కరికి ఇరవై స్లైడ్లు ఇచ్చి, “చదివి రాయండి” అనేవాణ్ణి. ఒక జట్టుకు ఇచ్చిన ఇరవైలో ఒకదాంట్లో, అదీ అంచున, ఒకే పురుగు. ఇంకో జట్టుకు ఇరవైకి ఇరవై ఖాళీ. మొదటి జట్టులో సగం మంది దాన్ని వదిలేసేవాళ్ళు. అది నేను ఊహించిందే. నన్ను ఆశ్చర్యపరిచింది రెండో జట్టు. ఖాళీ స్లైడ్లలో పురుగులు కనిపెట్టేవాళ్ళు! దూదిపోగు, బూజు తీగ, రంగు గడ్డకట్టిన గీత, ఏదో ఒకటి. పరీక్ష అన్నాక ఏదో ఉండే ఉంటుంది, సున్నా రాస్తే రాదనుకుంటారని భయం. బళ్ళో నేను “గదులు సార్” అన్నది ఈ భయంతోనే. అందుకని ఏది చూసినా నాకు చెప్పమనేవాణ్ణి. తొడుగు ఉందా? లోపల చుక్కలు వరసగా ఉన్నాయా? తోక ఏ వైపు? చెప్పలేకపోతే అది పురుగు కాదు. చెప్పగలిగినా ఇంకొకరిని పిలిచి చూపించాలి. ఇరవై స్లైడ్లు ఖాళీగా ఉంటే ఇరవై సున్నాలు రాసి సంతకం పెట్టగలిగినవాడికి, ఆ సంతకానికి నేను పూచీ అని చెప్పేవాణ్ణి.

ఈ సున్నా ఎందుకంత ముఖ్యమో టీచర్లకు చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఈ పని బడుల్లోకి వచ్చింది. 2004 నుంచి ఏటా ఊరందరికీ డి.ఇ.సి. మాత్రలు, ఆ తర్వాత వాటితో పాటు ఆల్బెండజోల్ కూడా పంచుతూ వచ్చారు. పంచడం ఒకటి, మింగడం ఒకటి. మాత్ర తీసుకుని “అన్నం తిన్నాక ఏసుకుంటాలే” అని గూట్లో పెట్టినవాళ్ళను చాలామందిని చూశాను. అయినా జబ్బు బాగా తగ్గింది. తగ్గిందని తేల్చడానికి జిల్లాకు ఎనిమిది చోట్ల, చోటుకు అయిదు వందల మంది చొప్పున, రాత్రి రక్తం తీసి నాలుగు వేల స్లైడ్లు చదివేవాళ్ళం. నూటికి ఒక్కరికన్నా తక్కువ మందిలో పురుగు ఉంటే తర్వాతి మెట్టు. అప్పుడు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు, అంటే ఆరేడేళ్ళవాళ్ళకు పరీక్ష. మాత్రలు పంచడం మొదలయ్యాక పుట్టిన పిల్లలు వీళ్ళు. వీళ్ళ ఒంట్లో పురుగు ఉందంటే దోమ ఇంకా మోస్తోందన్నమాట. లేదంటే మాత్రలు ఆపేయవచ్చు. అంటే, ఒక సోమరి టెక్నీషియన్ రాసే సున్నాలతో ఒక జిల్లాకు మందు ఆగిపోవచ్చు.

పిల్లలకు చేసేది స్లైడు కాదు, పట్టీ పరీక్ష. వేలి నుంచి డెబ్బై అయిదు మైక్రోలీటర్ల రక్తం పట్టీ మీద వేస్తే గీత వస్తుంది, పగలే చేయవచ్చు. ఇది వచ్చాక “ఇంక మైక్రోస్కోపు ఎందుకు సార్?” అని నన్ను అడిగారు. పట్టీకీ నేర్పు కావాలి. సరిగ్గా పది నిమిషాలకు చదవాలి. టీ తాగొచ్చి అరగంటకు చదివితే లేని గీత కనిపిస్తుంది. పైగా గీత చెప్పేది ఒంట్లో పెద్ద పురుగు ఉంది, లేదా ఈమధ్య దాకా ఉండిందని. రక్తంలో పిల్లలు తిరుగుతున్నాయా, దోమకు అందుతున్నాయా అనేది చెప్పేది మళ్ళీ రాత్రి పది గంటల స్లైడే. 

నారికురుపు గుర్తుందా మీకు? దిగుడుబావి నీళ్ళతో వచ్చేది. 2000లో మన దేశంలో అది లేదని ప్రకటించారు. దాన్ని పట్టుకోవడానికి టెక్నీషియన్ అక్కర్లేదు, కాలిలో నుంచి పురుగు బయటికే వచ్చేది, ఊళ్ళో ఎవరైనా చెప్పగలరు. బోదకాలు పురుగు అట్లా కాదు. చూడడం వచ్చినవాళ్ళు లేకపోతే, అది ఉన్నా లేనట్టే.

ఈ జబ్బును దేశంలో 2015కల్లా లేకుండా చేయాలని ఒకప్పుడు అనుకున్నారు. ఇప్పుడు గడువు 2027. గడువు దగ్గరపడే కొద్దీ మాకొక విచిత్రమైన చిక్కు వచ్చింది. నేను నేర్చుకున్న రోజుల్లో ఒక్క రాత్రి సర్వేలో బోలెడు పురుగులు దొరికేవి, వారంలో కన్ను తయారయ్యేది. నేను రిటైరైన 2018 నాటికి, చేరి ఆరేళ్ళయినా ఒక్క నిజమైన పురుగునూ చూడని టెక్నీషియన్లు నా ముందు కూర్చున్నారు. పుస్తకంలో బొమ్మ చూశారు, ఫోన్‌లో చూశారు. పదివేల ఖాళీ స్లైడ్ల తర్వాత ఒకటి వస్తే వీళ్ళు గుర్తుపడతారా? నాకు నమ్మకం లేదు. వాళ్ళ తప్పేమీ లేదు. ఒకే మనిషి పొద్దున మలేరియా, మధ్యాహ్నం క్షయ కళ్ళె, సాయంత్రం డెంగీ చూడాలి. 2020లో అయితే అందరూ కోవిడ్ పుల్లలే పట్టుకున్నారు, రాత్రి సర్వే మాట ఎత్తినవాడు లేడు. పాతవాళ్ళం రిటైరయ్యాం. నిరుడు ఒకమ్మాయి, నా శిష్యురాలే, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఫోటో పంపింది. “సార్, ఇది అదేనా?” అని. చూశాను. దూదిపోగు. “కాదమ్మా” అన్నాను. “సారీ సార్, నిద్ర లేపాను” అంది. ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నా, ఆ ఫోన్ కోసమే నేను ఇంకా రాత్రిళ్ళు మేలుకుంటున్నాను.

మన ఊరు చాలా మారింది. 1880లలో కట్టిన పాత ఆనకట్ట పోయి కొత్త బ్యారేజీ వచ్చింది, 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. పైపులు, సిమెంటు రోడ్లు వచ్చాయి. మురుక్కాలవ మాత్రం చాలా వీధుల్లో మా చిన్నప్పుడు ఎక్కడ ఆగేదో అక్కడే ఆగుతోంది. దోమ ఉంది, పురుగు తగ్గింది. పనికోసం పురుగు ఇంకా ఉన్న రాష్ట్రాల నుంచి మన వైపుకీ, మన వైపు నుంచి అక్కడికీ మనుషులు వస్తూ పోతూనే ఉన్నారు, ఆ కుర్రవాడు పోయినట్టే.

నేను రిటైరయ్యేటప్పుడు శిక్షణ కోసం దాచుకున్న స్లైడ్ల పెట్టె ఒకటి నా దగ్గర ఉండిపోయింది. వాటి మీద పేర్లు లేవు, నంబర్లే. వెలుగు తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టాను, రంగు ఇంకా బాగానే ఉంది. ఇరవై అయిదు స్లైడ్లు. ఇవాళ తెచ్చాను. హెడ్మాస్టరు గారు దయతో ఒప్పుకున్నారు, భోజనాల తర్వాత సైన్సు గదిలో మైక్రోస్కోపు పెడుతున్నాం. తొమ్మిదీ పదీ పిలకాయలందరూ రండి, పెద్దవాళ్ళూ రావచ్చు. కొన్నిటిలో పురుగు ఉంది, కొన్నిటిలో లేదు. ఏ నంబరులో ఉందో నేను చెప్పను. ఒక్కొక్కరూ చూసి, కనిపించింది కాగితం మీద రాయండి. ఏమీ కనిపించకపోతే సున్నా రాయండి. పెరుగన్నం తిన్నాక నిద్రొస్తుంది, కాబట్టి అంచులు జాగ్రత్త.